చేతినే అడగాలి

మా మామయ్యని చేతిబాంబు గురించి ఒక్క మాట అడిగి చూడండి, పొద్దు గూకేదాకా చెబుతారు. ఇంట్లోవాళ్ళ గురించి ఒక్క మాట అడగండి, లేచి చెప్పులు వెతుక్కుంటారు. క్లుప్తంగా ఆయన జీవితచరిత్ర ఇంతే. కానీ నా కడుపుమంట అంత క్లుప్తంగా లేదు కాబట్టి మిగతాది కూడా చెబుతాను.

ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఆయన సైనిక శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చేతిబాంబు విసరడం నేర్పారు. అక్కడ అందరూ ఆయన్ని పెద్ద మాస్టారు అనేవారు. రిటైరయ్యాక ఆ కేంద్రానికి ఆనుకుని ఉన్న ఆయుధాల మ్యూజియంలో గైడుగా కుదిరారు. ఒకప్పుడది గుర్రాలశాల అట. వాన పడితే గోడలు ఇప్పటికీ ఆ వాసన వదలవు. రెండే హాళ్ళు. మొదటి హాల్లో కత్తులూ తుపాకులూ ఉంటాయి, జనం అక్కడ నిలబడి ఫొటోలు దిగుతారు. రెండో హాలు మామయ్యది. అందులో పొడుగాటి బల్ల, బల్ల మీద గొలుసులతో కట్టేసిన డొల్ల బాంబులు. లోపల మందు ఉండదు. మరి గొలుసులెందుకంటే, చూడవచ్చినవాళ్ళు సంచుల్లో వేసుకుపోతున్నారట. మనుషులకి భయం ఉన్నా లేకపోయినా కక్కుర్తికి మాత్రం లోటుండదని మామయ్య అంటారు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో సెలవు దొరికితే పనిగట్టుకుని వెళ్ళి ఆయన చెప్పేది వినేదాన్ని. ఉన్నమాట ఒప్పుకోవాలి, బాగా చెబుతారు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ బల్ల వెనక నిలబడితే ఇంకెవరో అయిపోతారు.

"దీన్ని గ్రెనేడ్ అంటారు కదా, అంటే ఏంటో తెలుసా? దానిమ్మపండు! పాత ఫ్రెంచి మాట. గుండ్రంగా ఉంటుంది, లోపల గింజలుంటాయి. పేరు పెట్టినోడు ఎవడో మంచి ఆకలి మీద ఉండుంటాడు" అని మొదలుపెడతారు. జనం నవ్వుతారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళ నాటి మట్టిబుడ్డి ఒకటి చూపిస్తారు. "ఇందులో మండే నూనె పోసి శత్రువు మీద విసిరేవాళ్ళని కొందరు పండితులు చెప్తారు. కాదు, పాదరసం పోసుకునేవాళ్ళని కొందరు. అత్తరు బుడ్డి అని ఒకాయన, బీరు తాగే బుడ్డి అని ఇంకొకాయన. ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే, ముందు తాగేసి తర్వాత విసిరేవాళ్ళేమో!"

పొడుగు టోపీల సంగతి చెప్పేటప్పుడు ఆయనకే నవ్వు ఆగదు. పూర్వం బాంబులు బరువుగా ఉండేవి కాబట్టి విసరడానికి బాగా పొడగరుల్ని, కండబలం ఉన్నవాళ్ళని ఏరేవారు. వెడల్పు అంచుల టోపీ చేతికి అడ్డొస్తుందని వాళ్ళకి అంచు లేని టోపీలు పెట్టారు. మనిషి ఇంకా ఎత్తుగా కనబడాలని ఆ టోపీల్నీ పెంచారు. కొన్నాళ్ళకి బాంబులు మూలపడ్డాయి, టోపీలు మాత్రం పోలేదు. "విసరడానికి చేతిలో ఏమీ లేదు, నెత్తి మీద మూరెడు టోపీ. తరాల తరబడి అలాగే కవాతు చేశారు. అడిగినవాడు లేడు" అంటారు. మళ్ళీ కందకాల్లో యుద్ధాలు మొదలయ్యాక ఒక్కసారిగా బాంబులు కావలసివచ్చాయి. సరుకు చాలక సైనికులు ఖాళీ జాం డబ్బాల్లో మేకులూ మందూ కూరి సొంతంగా చేసుకున్నారట.

"సినిమాల్లో హీరో పళ్ళతో పిన్ను పీకేస్తాడు కదా. రండి, ఎవరైనా పీకండి చూద్దాం. పన్నే ఊడుతుంది. ఇదిగో, ఈ గళ్ళున్నాయి చూశారా? ముక్కలు ముక్కలుగా పేలడానికని అందరూ అనుకుంటారు. ఈ రకం చేసినాయన అందుకు పెట్టలేదు. బురద చేత్తో పట్టుకున్నా జారకూడదని పెట్టాడు. ఇంకో మాట చెప్తా వినండి. పిన్ను తియ్యగానే పేలదు. పక్కనున్న ఈ రేకుని లివరంటాం. దీన్ని అరచేత్తో అదిమి పట్టుకున్నంతసేపూ ఇది ఉత్త రాయే. చెయ్యి వదిలితే అప్పుడు మొదలవుతుంది. నాలుగైదు సెకన్లు, అంతే. అంతా పట్టులోనే ఉంది బాబూ."

ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది గోడకి వేలాడే నీలం గాజు బుడ్డి. అదీ గ్రెనేడే, కాకపోతే నిప్పు ఆర్పేది. లోపల ఉప్పునీళ్ళుంటాయి. ఒకప్పుడు హోటళ్ళలో, రైళ్ళలో ఇవి గోడలకి తగిలించి ఉండేవట. మంట లేస్తే తీసి అందులోకి విసిరికొట్టడమే. తర్వాత తర్వాత ఉప్పునీళ్ళకి బదులు ఏదో మందు పోశారు. అది మంటని ఆర్పుతూ గదిలో ఉన్నవాళ్ళకి విషవాయువు పట్టించేదట. మా ఇంట్లో మంటలు లేచినప్పుడు మామయ్యని చూస్తే నాకు ఆ బుడ్డే గుర్తొచ్చేది. గోడ పక్కన ఊరికే వేలాడుతూ ఉంటారు.

చివర్లో రబ్బరు బంతి ఆట. దాని కోసమే కొందరు రెండోసారి కూడా వచ్చేవారు. ముందు ఒక కథ చెబుతారు. ఒక దేశంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూర్చుని, వాళ్ళ కుర్రాళ్ళు చిన్నప్పటి నుంచీ ఆడే బంతి ఎంత ఉంటుందో అంత బాంబు తయారుచేశారు. ఆ బంతి విసరడం అందరికీ వచ్చు కాబట్టి మళ్ళీ నేర్పక్కర్లేదని వాళ్ళ ఎత్తుగడ. చెయ్యి వదిలి గాలిలోకి లేచిందంటే అది పేలడానికి సిద్ధమైపోతుంది. పరీక్షించే రోజున ఒక ఇంజనీరు దాన్ని ఆటలో లాగా పైకెగరేసి, మళ్ళీ పట్టుకున్నాడు.

"ఆయనకి తెలీదా? అది బాంబని ఆయన బుర్రకి బాగా తెలుసు. చేతికే తెలీదు" అంటూ, మాట పూర్తికాకముందే, మామయ్య బల్ల కింది నుంచి రబ్బరు బంతి తీసి ఎదురుగా ఉన్నవాళ్ళలో ఎవరి మీదికో విసిరేవారు. ఆ మనిషి ఉలిక్కిపడి పట్టుకునేవాడు. "చూశారా, కుడిచెయ్యి లేచింది. ఇంకొకరికి ఎడమచెయ్యి లేస్తుంది. నీది ఏ చేతివాటంరా అని కుర్రాళ్ళని అడిగితే అందరూ కుడే అంటారు. ఎందుకొచ్చిన గొడవ అని. మనిషిని అడిగితే అబద్ధం చెప్తాడు. చేతినే అడగాలి."

ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి. శిక్షణ కేంద్రంలో ఉన్న రోజుల్లో చొక్కా జేబులో గులకరాళ్ళు వేసుకుని తిరిగేవారు. వరసలో నిలబెట్టిన కుర్రాళ్ళతో ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా ఒకడి మీదికి రాయి విసిరేవారు. ఏ చెయ్యి ముందు లేస్తే వాడిది ఆ చెయ్యి. ఎడమచెయ్యి లేస్తే బాంబుని ఆ అరచేతిలో తలకిందులుగా పెట్టి పట్టు నేర్పేవారు. పుర్రచేతివాళ్ళు అలాగే పట్టుకోవాలట. అప్పుడే లివరు సరిగ్గా అణుగుతుంది, పిన్ను కుడిచేతికి అందుతుంది. చెయ్యి తెలియకుండా ఎవరికీ అసలు బాంబు ఇవ్వకూడదని ఆయన తన శిష్యులకి నూరిపోశారు. ఆ శిష్యుల్లో ముఖ్యుణ్ణి చిన్న మాస్టారు అనేవారు. మామయ్య రిటైరయ్యాక ఆ పనిలోకి వచ్చింది ఆయనే.

ఇప్పుడు మా ఆయన సంగతి. ఆయన బస్సు స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చుంటారు. ఏ బస్సు ఎప్పుడో అడిగినవాళ్ళకి చెప్పడం ఉద్యోగం. ఎడమచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి. కుడిచేత్తో రాస్తారు గానీ ఆ రాత కోడి గెలికినట్టుంటుంది. గ్లాసు పట్టుకుంటే ఒలుకుతుంది, తాళం వెయ్యబోతే తాళంచెవి తిరగబడుతుంది. పెళ్ళిచూపుల్లో నేనిచ్చిన కాఫీ తన ప్యాంటు మీదే పోసుకున్నారు. సిగ్గరి అనుకుని ముచ్చటపడ్డాను. చెయ్యి అలా ఎందుకైందో పెళ్ళికి ముందే చెప్పారు. దాచలేదు.

మామయ్యే కొడుకుని దగ్గరుండి శిక్షణకి పంపారు. అసలు బాంబు విసిరే రోజు వచ్చింది. కుర్రాళ్ళు వరసలో నిలబడ్డారు. చిన్న మాస్టారు గులకరాళ్ళు విసురుతూ వచ్చారు. మా ఆయన దగ్గరికొచ్చేసరికి నవ్వి, చేతిలో రాయి మళ్ళీ జేబులో వేసుకున్నారు. "పెద్ద మాస్టారి అబ్బాయివి. నిన్ను పరీక్షించడమంటే మాస్టార్ని పరీక్షించడమే. కుడే కదా?" అన్నారు. మా ఆయన కుడే అన్నారు. అబద్ధం చెప్పలేదు. ఆయనకీ అదే తెలుసు.

బాంబు విసిరేచోట నడుమెత్తు గోడల మధ్య ఇద్దరే ఉంటారు, విసిరేవాడూ నేర్పేవాడూ.

"పిన్ను తీశాను, చెయ్యెత్తాను. అంతవరకూ గుర్తుంది" అన్నారు మా ఆయన. "అక్కణ్ణించి ఎడమచేతిలోకి ఎందుకు మార్చానో నాకే తెలీదు. మార్చేటప్పుడు లివరు ఎగిరిపోయింది. బాంబు రెండు చేతుల్లోంచీ జారి కిందపడింది. చిన్న మాస్టారు తిట్టలేదు, అరవలేదు. నన్ను నడుం పట్టుకుని ఎత్తి గోడ అవతలికి విసిరేశారు. ఆయన రావడానికి టైము లేదు. నా ఎడమచెయ్యి ఇంకా గోడ మీద ఉండగానే పేలింది."

విసరడం నేర్పే మనిషి ఆఖరిసారి విసిరింది మా ఆయన్ని. నా తాళిబొట్టూ నా కూతురూ అన్నీ ఆ చేతుల చలవే. ఆసుపత్రిలో కట్టుకట్టిన చెయ్యి చూసి మా అత్తయ్య అన్న మాట కూడా మా ఆయన చెప్పారు. "పోనీలే నాన్నా, కుడిచెయ్యి మిగిలింది" అన్నారట. తల్లి ఓదార్పు అనుకున్నాను అప్పుడు.

విచారణ జరిగింది. ముగ్గురు అధికారులు బల్ల వెనక కూర్చుని మామయ్యని కూడా పిలిపించారు, ఆయన అనుభవం మీద గౌరవంతో. రాయి విసిరి చూడటం మీరు పెట్టిన పద్ధతేనా అని అడిగారు. నేను పెట్టిందే అన్నారు మామయ్య. తప్పకుండా చెయ్యాలా? చెయ్యాలి. చెయ్యకపోతే ఎవరి తప్పు? నేర్పేవాడిది. ఇందులో ఒక్క అబద్ధం లేదు. చేతికి కట్టుతో మా ఆయన అక్కడే కూర్చుని అంతా విన్నారు. శిక్షకుడు పద్ధతి పాటించలేదని అధికారులు తేల్చేశారు. పనిలో ఉండగా ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు చెక్కిన గోడ ఒకటి మ్యూజియం వాకిట్లో ఉంది. దాని మీద చిన్న మాస్టారి పేరు లేదు. మామయ్య రోజూ ఆ గోడ పక్క నుంచే పనికి వెళ్ళేవారు. బజారుకి వెళ్ళేటప్పుడు మాత్రం దగ్గరి దారి వదిలేసి చుట్టూ తిరిగి వెళ్ళేవారు. దగ్గరి దారిలో చిన్న మాస్టారి భార్య కుట్టు దుకాణం ఉంది.

ఇదంతా నాకు తెలిసి కూడా నేను మామయ్యని తప్పుపట్టలేదు. బాధపడుతున్నారులే అనుకున్నాను. నా కళ్ళు తెరిపించింది నా కూతురి మణికట్టు.

దాన్ని నేను పిచ్చుక అంటాను. చెంచా పట్టడం వచ్చిన రోజు నుంచీ అది ఎడమచేత్తోనే పట్టింది. బొమ్మలు గీసినా, చెప్పు విసిరినా, నా జుట్టు పీకినా ఎడమచెయ్యే. నాకు ముద్దుగా ఉండేది. నేను మందుల షాపులో పనిచేస్తాను, పగలు పిల్ల అత్తయ్య దగ్గరే ఉంటుంది. ఒకరోజు ఇంటికొచ్చి స్నానం చేయిస్తుంటే ఎడమ మణికట్టు చుట్టూ ఎర్రగా గాజు తొడిగినట్టు గుర్తు కనబడింది.

"ఏమిటత్తయ్యా ఇది?"

"ఏముంది, రబ్బరు బ్యాండు. చేతికి సాక్సు తొడిగి, ఊడిపోకుండా వేశాను. ఎడమచేత్తో తింటోంది నీ కూతురు, చూడటం లేదా? రేపు బళ్ళో నలుగురూ నవ్వరూ? ఎవరికైనా ఎడమచేత్తో ఏదన్నా ఇస్తే పుచ్చుకుంటారా?"

"దాని చెయ్యి దాని ఇష్టం. మీరు ముట్టుకోవద్దు."

"అబ్బో, పెంచడం నాకు నేర్పొచ్చావా? మీ ఆయనకి మాన్పించింది ఎవరనుకున్నావు? వాడు దీనికంటే మొండి. చెంచా లాక్కుంటే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేవాడు. మీ మామయ్య రోజూ పొద్దున్నే ఆ చెయ్యి వీపు వెనక్కి పెట్టి తువ్వాలుతో కట్టి డ్యూటీకెళ్ళేవారు. మూడో ఏడు నిండేసరికి బంగారంలా కుడిచేతికొచ్చాడు."

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. అత్తయ్య గొప్పగా చెప్పుకుంటున్నారు. ఆవిడకి తను ఏం చెప్పారో తెలియదు, తెలిసేలా ఆవిడకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చేతిబాంబులు ఆవిడ పని కాదు. కానీ మామయ్యకి తెలుసు. చేతి గురించి లోకానికంతా పాఠం చెప్పే మనిషికి ఇది తట్టకుండా ఉంటుందా? ముగ్గురు అధికారుల ముందు కూర్చున్నప్పుడు ఆయనకి తెలుసు. వాడిది పుర్రచెయ్యి, నేనే కట్టి మాన్పించాను, అందుకే కుడి అన్నాడు, అందుకే చేతులు మార్చాడు అని ఒక్క మాట చెప్పి ఉంటే, రాయి జేబులో వేసుకున్నవాడి తప్పు సగమైనా తగ్గేది. చెప్పలేదు. వాళ్ళు అడగలేదు కదా మరి!

మా ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. పసితనంలో జరిగింది ఆయనకి ఏమీ గుర్తులేదు. పుట్టుకతోనే చేతకానివాణ్ణని ఇన్నాళ్ళూ అనుకున్నారు. చివరికి "అందుకా" అన్నారు. నాకు మాత్రం ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. ఆయన చెయ్యి ఎలాగూ పోయింది, నా పిల్ల చెయ్యి పోనివ్వనని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మామయ్య దగ్గరికి వెళ్ళి ముఖం మీదే అడిగాను. ఆయన బూట్లకి పాలిష్ వేసుకుంటున్నారు.

"మామయ్యా, మీరొక్క మాట చెప్తే అత్తయ్య వింటారు. పిల్ల చెయ్యి జోలికి వెళ్ళొద్దని చెప్పండి."

"ఇంటి విషయాలు మీ అత్తయ్య చూసుకుంటుందమ్మాయ్."

"ఇది ఇంటి విషయమా? మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

ఆయన బూటు పక్కన పెట్టి, రెండో బూటు తీసుకున్నారు. అప్పటికే అది తళతళలాడుతోంది. అయినా రుద్దుతూనే ఉన్నారు.

నేను రచ్చ చేశాక అత్తయ్య సాక్సు మానేశారు. గెలిచాననుకున్నాను. సాక్సు పోయింది గానీ దాని చోట్లో "ఊఁ?" వచ్చిందని నాకు తెలియలేదు. పిల్ల ఎడమచేత్తో ఏదైనా తీసుకోబోతే అత్తయ్య కొట్టరు, తిట్టరు. కనుబొమలెత్తి "ఊఁ?" అంటారు, అంతే. నేను పనిలో ఉన్న పగళ్ళన్నీ ఆ "ఊఁ" నడిచింది.

ఒక ఆదివారం అందరం మ్యూజియానికి వెళ్ళాం. నేనే బయల్దేరదీశాను, కావాలనే. మామయ్య ఆటతోనే మామయ్య నోరు తెరిపించాలని నా పంతం. ఆయన బంతి విసురుతారు, పిచ్చుక ఎడమచెయ్యి లేస్తుంది, పదిమందిలో ఆ చేతిని ఆయన కాదనలేరు. చేతినే అడగాలని చెప్పే మనిషి చెయ్యి చెప్పింది వినక ఎక్కడికి పోతారు? ఇదీ నా లెక్క. మా ఆయనకి ముందే చెప్పాను. ఆయన వద్దనలేదు, రానూ అనలేదు, వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. అత్తయ్య పిల్ల పక్కనే నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డారు. హాలు నిండా పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ ఉన్నారు.

మామయ్య దానిమ్మపండు దగ్గర మొదలుపెట్టారు. టోపీల దగ్గర అందరూ నవ్వారు. బంతిబాంబు ఇంజనీరు దగ్గర అందరూ నోళ్ళు తెరిచారు. అప్పుడు రబ్బరు బంతి బయటికి తీసి ముందువరసలో పిల్లలకి ఒక్కొక్కరికీ విసురుతూ వచ్చారు. కుడి, కుడి, ఎడమ, కుడి. ఎడమచేతి పిల్లాడికి డొల్ల బాంబు తలకిందులుగా పట్టించి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. వాడు పొంగిపోయాడు.

వరసలో తర్వాతది పిచ్చుక. మామయ్య దాన్ని చూశారు. నవ్వి, బంతిని అరచేతిలో తిప్పి, పక్కనున్న పిల్ల వైపు తిరిగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు దగ్గర మా ఆయన మొహం చూశాను. పాలిపోయి ఉంది. సరిగ్గా ఇలాగే నవ్వి రాయి జేబులో వేసుకున్న మనిషిని ఆయన ఒకసారి చూశారు.

"మామయ్యా, దానికీ విసరండి" అన్నాను, హాలంతా వినబడేలా.

"మన పిల్లే కదమ్మా. బయటివాళ్ళు..."

"మన పిల్ల కాబట్టే. విసరండి."

జనం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తప్పించుకునే దారి లేక మామయ్య బంతి విసిరారు, మెల్లగా, పసిపిల్లకి అందేలా.

ఎడమచెయ్యి లేచింది. నేను చూశాను, మామయ్య చూశారు. సగం దాకా లేచి ఆగిపోయింది. పిచ్చుక తలతిప్పి వాళ్ళ నాన్నమ్మ మొహంలోకి చూసింది. అత్తయ్య ఏమీ అనలేదు, ఆ పూట కనుబొమలు కూడా ఎత్తలేదు. పిల్లే ఎడమచెయ్యి దించేసి, కుడిచెయ్యి చాపింది. అప్పటికి బంతి దాని గుండెకి తగిలి కిందపడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

"ఫర్వాలేదు పాపా!" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. మిగతావాళ్ళు కూడా నవ్వారు.

మామయ్య నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడ్డారు. మా ఆయన జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, వంగి, మిగిలిన రెండు వేళ్ళతో బంతి తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంతే నాన్నా" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. "ఆ రోజు కూడా ఇంతే జరిగింది."

ఆ పూట ఆట అక్కడితో ఆగిపోయింది. వచ్చినవాళ్ళు కాసేపు చూసి మొదటి హాల్లోకి వెళ్ళిపోయారు. అత్తయ్య మాత్రం "ఏం జరిగిందిరా? ఎవరన్నా చెప్పండి నాకు" అంటూ ఒకరి తర్వాత ఒకర్ని అడిగారు. మా ఆయనే ఆవిణ్ణి వాకిట్లోకి తీసుకెళ్ళి, పేర్ల గోడ దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడ ఏడుపు లోపలికి వినబడింది.

మర్నాడు మామయ్య నన్ను పిలిచారు. "అమ్మాయ్, నాతో ఒకచోటికి వస్తావా? ఒక్కణ్ణీ వెళ్ళలేను" అన్నారు. వెళ్ళాను. దగ్గరి దారినే వెళ్ళాం. కుట్టు దుకాణం గుమ్మంలో నిలబడి ఆయన, కూర్చోమన్నా కూర్చోకుండా, చెప్పేశారు.

"వాడిది పుర్రచెయ్యమ్మా. చిన్నప్పుడు నేనే కట్టి మాన్పించాను. మారిపోయిందనుకున్నాను. విచారణలో ఈ మాట చెప్పలేదు."

చిన్న మాస్టారి భార్య మిషను ఆపింది. ఆవిడ ఏడుస్తుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ నేను గుండె చిక్కబట్టుకుని ఉన్నాను.

"మీ అబ్బాయికి రాయి ఎందుకు విసరలేదో అడుగుదామంటే మా ఆయన లేడు, ఇన్నాళ్ళూ ఆయన్నే తిట్టుకున్నాను మాస్టారూ" అంది. "అజాగ్రత్త మనిషి, నన్ను నడిరోడ్డు మీద వదిలేశాడని. ఇప్పుడు నాకు చెప్పి ఏం చేస్తారు? అక్కడ చెప్పండి."

"ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారమ్మా. ఇంకొకాయనకి మతిలేదు."

"అయితే ఇంక దేనికి?" అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కింది. మేం ఎంతసేపు నిలబడినా తల ఎత్తలేదు. గుడ్డ మీద కుట్టు మాత్రం వంకరగా పోతోంది.

మామయ్య ఆ మాటే రాసి శిక్షణ కేంద్రానికి అర్జీ పెట్టారు. పాత విషయాలు తిరగదోడలేమని జవాబొచ్చింది. ఇప్పటికీ ఆయన మ్యూజియంలో నిలబడి దానిమ్మపండు సంగతి, టోపీల సంగతి చెబుతూనే ఉన్నారు. బంతి ఆట మానేశారు. బజారుకి దగ్గరి దారినే వెళుతున్నారు, తలవంచుకుని.

మా ఇంట్లో పిచ్చుక చేతిని ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. అత్తయ్యే చెంచా తీసి దాని ఎడమవైపు పెడతారు. కానీ ఏదైనా అందుకునే ముందు అది ఇప్పటికీ రెండు చేతులూ గాలిలో ఆపి, మా మొహాలు చూస్తుంది.